విద్వాంసుడి జీవితం తెరకు ఎప్పుడు లొంగుతుంది?

నిజంగా బతికిన ఒక సంగీతకారుడి మీద సినిమా తీసేవారికి మిగతా దర్శకులకు లేని సౌకర్యం ఒకటుంది. ప్రేక్షకుడు టికెట్టు కొనకముందే పాటలు అతని నోట్లో నానుతూ ఉంటాయి. శాస్త్రవేత్త మీద సినిమా అయితే అతని సిద్ధాంతం అర్థమయ్యేలా చెప్పడానికి చెమటోడ్చాలి. ఆటగాడి మీద అయితే ఆట మళ్లీ ఆడించి చూపాలి. ఇక్కడ ఆ తంటాలేమీ లేవు. ‘ఎందరో మహానుభావులు’ అని పల్లవి ఎత్తుకుంటే చాలు, హాల్లో సగం మంది కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆ కన్నీళ్లు దర్శకుడు రప్పించినవా, త్యాగరాజు ఎప్పుడో రాసిచ్చిపోయిన ఆస్తి నుంచి వచ్చినవా అని ఎవరూ లెక్క అడగరు.

ఈ కోవలో నాసిరకం సినిమాలు కూడా ఆడేయడానికి కారణం అదే. అందుకని వీటిని తూచడానికి వసూళ్లూ అవార్డులూ పెద్దగా పనికిరావు. నేను చూసేది ఒక్కటే. సినిమా అయిపోయాక ఇంటికి వచ్చి అదే పాట మళ్లీ వింటే, ఇదివరకు చెవిన పడనిది ఏదైనా పడుతోందా? పడితే ఆ సినిమా తన పని తాను చేసినట్టు. లేకపోతే మనం చూసింది పాటల సంపుటికి వేసిన ఖరీదైన అట్ట మాత్రమే.

అందరిదీ ఒకే జీవితం

2004లో అమెరికన్ గాయకుడు రే చార్లెస్ మీద ‘రే’, ఆ మరుసటి ఏడే ఇంకో అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ మీద ‘వాక్ ద లైన్’ వచ్చాయి. ఇద్దరూ చిన్నతనంలోనే తోబుట్టువును పోగొట్టుకున్నారు. ఒకరి తమ్ముడు నీళ్ల తొట్టెలో మునిగిపోయాడు, ఇంకొకరి అన్న రంపం కింద పడి చనిపోయాడు. ఇద్దరూ మత్తుమందులకు బానిసలై బయటపడ్డారు. అన్నీ జరిగినవే. అయినా రెండు సినిమాలూ వరసగా చూస్తే ఒకే మనిషి కథ రెండుసార్లు చూసినట్టుంటుంది. బాల్యంలో గాయం, ప్రతిభ బయటపడడం, కీర్తి, వ్యసనం, పతనం, చప్పట్ల మధ్య తిరిగి రాక. 2007లో ‘వాక్ హార్డ్’ అనే ప్రహసనం ఈ అచ్చును పట్టుకుని చీల్చి చెండాడింది. అందులో కథానాయకుడు చిన్నప్పుడు ఆడుకుంటూ ఆడుకుంటూ అన్నను అడ్డంగా రెండు ముక్కలు చేసేస్తాడు. పెద్దయ్యాక, వేదిక ఎక్కే ముందు తన జీవితమంతా ఒకసారి గుర్తు తెచ్చుకోవాలట, అందాకా ఎవరూ తొందరపెట్టకూడదట. అంత నవ్వులపాలయ్యాక కూడా ఆ అచ్చు అరగలేదు. ఇప్పటికీ అందులోంచి సినిమాలు వస్తూనే ఉన్నాయి.

మన అచ్చు వేరు. భోగాల్లో తేలే యువకుడు, ఒక దర్శనం, ఇంట్లో ఇక్కట్లు, రాజుగారి కబురు, తిరస్కారం, శిక్ష, మహిమ, చివరికి ఐక్యం. కొద్ది మార్పులతో ఇది ఏ వాగ్గేయకారుడికైనా, ఏ భక్తకవికైనా సరిపోతుంది. ఇది హరికథ నుంచి దిగివచ్చిన సొత్తు. హరికథలో ఇది దోషం కూడా కాదు. చిడతలు పట్టుకున్న దాసుగారికీ ఎదురుగా కూర్చున్న జనానికీ కథ ముందే తెలుసు. కథ ఆగిన చోట పాట, పాట ఆగిన చోట పిట్టకథ, రాత్రి గడిచిపోతుంది. కెమెరాతో చిక్కు ఎక్కడంటే అది దగ్గరకు వెళ్తుంది. దగ్గరకు వెళ్లాక అక్కడ మహిమ ఒక్కటే ఉండి మనిషి కనిపించకపోతే తెర వెలితిగా ఉంటుంది.

మామూలు మంగళవారాలు

శరభోజి మహారాజు కానుకలు పంపితే త్యాగరాజు ‘నిధి చాల సుఖమా’ అని కల్యాణిలో పాడి తిప్పి పంపాడు. అన్న కోపంతో విగ్రహాలను కావేరిలో పారేస్తే ‘నేనెందు వెదకుదురా’ అని విలపించాడు. దొరికాక బిలహరిలో ‘కనుగొంటిని’ అని ఆనందించాడు. ఇవి సంప్రదాయం చెప్పే కథలు. ఆయన మీద వచ్చిన సినిమాలకు ఆధారం ఇవే. ఒక సంఘటన, వెంటనే ఒక పాట, మళ్లీ సంఘటన, మళ్లీ పాట.

ఇలా చెప్పడంలో సౌలభ్యం ఉంది, కాదనను. కానీ మీట నొక్కితే దీపం వెలిగినట్టు, అవమానం జరిగితే కృతి వస్తుందా? ఆయన కృతులు ఇప్పుడు దాదాపు 700 దొరుకుతున్నాయి. కథలు అంటుకున్నవి వాటిలో కొన్నే. మిగతావన్నీ ఏ రాజూ కబురు పంపని, ఏ అన్నా అలగని మామూలు మంగళవారాల్లో వచ్చినవే అయి ఉండాలి. తిరువయ్యారులో ఒక ఇల్లు, పూజ, ఉంఛవృత్తి (పాడుతూ ఇంటింటా బియ్యం అడుక్కోవడం), శిష్యులకు పాఠం, మధ్యలో ఒక చరణం. ఆ పనిలో తెరకెక్కించదగినది ఏమీ లేదనుకోవడం దర్శకుల బద్ధకం.

సంగతులనే తీసుకుందాం. ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ పాడుతూ, ప్రతిసారీ కాస్త పెంచుతూ పోయే ఈ పద్ధతికి కృతిలో నిండుతనం తెచ్చింది త్యాగరాజే అని విద్వాంసులు చెబుతారు. ఖరహరప్రియలోని ‘చక్కని రాజమార్గము’ పల్లవి వినండి. మొదటిసారి పంక్తి సాదాగా నడుస్తుంది. తర్వాత ఒకచోట చిన్న వంపు. ఆ వంపును వదలకుండా ఇంకొంచెం పైకి. ముందు పాడినదేదీ చెరిగిపోదు, దాని మీదే తర్వాతది నిలబడుతుంది. నాలుగైదు సంగతులు గడిచేసరికి మొదట విన్న ఆ సాదా పంక్తిలో ఇంత చోటుందా అనిపిస్తుంది. ఒక మనిషి అరుగు మీద కూర్చుని దీన్ని కడుతున్నాడని ఊహించండి. ఒక సంగతి పాడి, బాగాలేదని వదిలేస్తాడు. శిష్యుడు పొరపాటున ఇంకోలా పాడతాడు, అది బాగుందనిపిస్తుంది. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో ఒకే కృతి పాఠాలు తేడాగా ఉన్నాయి కాబట్టి శిష్యుల చెయ్యి కూడా ఎంతో కొంత పడిందనుకోవడానికి ఆస్కారం ఉంది. విగ్రహం కోసం ఏటి ఒడ్డున వెదికే సన్నివేశం కన్నా ఇందులో ఉత్కంఠ ఏం తక్కువ? రాజమార్గం ఉండగా సందులు దూరడమెందుకని ఆ పాటే అడుగుతుంది. మన సినిమాలు మాత్రం సందుల్లోంచే వెళ్తున్నాయి.

వినేవాడు ఎక్కడ?

ఈ పని చేసి చూపిన సినిమా 1984 నాటి ‘అమడేయస్’. పీటర్ షాఫర్ నాటకం ఆధారంగా మిలోష్ ఫోర్మన్ తీశాడు. దాని కథానాయకుడు మొజార్ట్ అనుకుంటాం గానీ, కథ చెప్పేది సాలియేరి. అతను కూడా సంగీతకారుడే, పైగా ఆస్థాన విద్వాంసుడు. మొజార్ట్ గొప్పతనం పూర్తిగా అర్థమయ్యేంత చెవి ఉంది, దాన్ని అందుకునేంత చెయ్యి లేదు. ఆ చెవే సినిమాకు ప్రాణం.

ముసలి సాలియేరి ఒక సన్నివేశంలో, పదమూడు వాయిద్యాల కోసం మొజార్ట్ రాసిన సెరినేడ్‌ను మొదటిసారి కాగితం మీద చూసిన క్షణం గుర్తు చేసుకుంటాడు. మొదలు చాలా మామూలుగా ఉందంటాడు. బాసూన్లు, బాసెట్ హార్న్‌లు తుప్పు పట్టిన అకార్డియన్ పెట్టెలా మూలుగుతుంటాయి. ఉన్నట్టుండి వాటికి చాలా ఎత్తున ఓబోలో ఒకే ఒక్క స్వరం, కదలకుండా నిలబడుతుంది. తర్వాత క్లారినెట్ వచ్చి దాన్ని అందుకుంటుంది. అతను మాటల్లో చెబుతున్నదే ఆ సమయానికి మనకు వినిపిస్తూ ఉంటుంది. పాశ్చాత్య సంగీతం ముక్క తెలియని ప్రేక్షకుడికి కూడా ఆ రెండు నిమిషాల్లో చెవి తెరుచుకుంటుంది. చివర్లో మరణశయ్య మీద మొజార్ట్ తన ‘రెక్వియమ్’ (చనిపోయినవారి కోసం పాడే ప్రార్థన)లో ఒక భాగాన్ని చెబుతుంటే సాలియేరి రాసుకుంటాడు. ముందు పురుషుల గొంతులు, తర్వాత ఊదే వాయిద్యాలు, తర్వాత తంత్రులు. ఒక్కో పొరా విడివిడిగా వినిపించి, చివరికి అన్నీ కలిపి ఒక్కసారిగా మోగిస్తారు. రాసుకునేవాడు వెనకబడిపోతూ, కాస్త ఆగమని బతిమాలుతుంటాడు. సంగీతం కట్టడం ఒక పని అనీ, ఆ పనిలో వేగం, తర్కం, అలసట ఉంటాయనీ ఇంత స్పష్టంగా చూపిన సన్నివేశం నేనింకొకటి చూడలేదు.

ఇందులో చాలా భాగం కట్టుకథ. సాలియేరి మొజార్ట్‌ను చంపలేదు. ఆ పుకారు పాతది, 1830లోనే పుష్కిన్ దాని మీద చిన్న నాటకం రాశాడు. ‘రెక్వియమ్’ రాయమని రహస్యంగా పురమాయించినది వాల్సెగ్ అనే కౌంట్. దాన్ని పూర్తి చేసినవాడు సూస్‌మైయర్. అసలు సాలియేరి భార్యాబిడ్డలతో బతికిన గృహస్థు, బెతోవెన్‌కూ షూబర్ట్‌కూ పాఠాలు చెప్పిన గురువు. పాపం, ఆయనకు అన్యాయం జరిగిన మాట నిజం. అయినా ఆ కల్పన అంతా మనల్ని పాట వైపు నెడుతుంది.

‘బొహీమియన్ రాప్సడీ’ (2018) అబద్ధాలు వేరే రకం. ‘క్వీన్’ రాక్ బృందపు గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ తన హెచ్‌ఐవీ సంగతి 1985 జులైలోని లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే బృందానికి చెప్పినట్టు అందులో ఉంది. ఆయనకు వ్యాధి నిర్ధారణ అయింది 1987లో అని సాధారణంగా చెబుతారు. ఆయన సొంత ఆల్బమ్ ఒప్పుకోవడం వల్ల బృందం విడిపోయిందని, ఆ కచేరీకి మళ్లీ కలిసిందని కథ. నిజానికి విడిపోనేలేదు, లైవ్ ఎయిడ్‌కు రెండు నెలల ముందు వరకు కలిసి ఊరూరా వాయిస్తూనే ఉన్నారు. పైగా సొంత ఆల్బమ్ ముందుగా, 1981లోనే తెచ్చింది డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్. ఆ టేలర్, గిటారు వాయించే బ్రయన్ మే ఈ సినిమా సంగీతం చూసుకున్నవారిలో ముఖ్యులు. తప్పంతా పోయినవాడి నెత్తిన పడి, ఉన్నవాళ్లు సహనమూర్తులుగా మిగలడం ఎలా జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఈ మార్పుల వల్ల పాట గురించి మనకు కొత్తగా తెలిసింది సున్నా. చివరి కచేరీ దృశ్యం ఒళ్లు గగుర్పొడిచేలా ఉందంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ అసలు కచేరీ వీడియో చూసినా అంతే గగుర్పాటు.

కుటుంబమో వారసులో పాటల హక్కులు చేతిలో పెట్టుకుని కూర్చోవడం ఈ సినిమాలకు ఉన్న పెద్ద సంకెల. గిటారు వాద్యకారుడు జిమి హెండ్రిక్స్ మీద 2013లో వచ్చిన సినిమాకు ఆయన వారసులు పాటలు ఇవ్వలేదు. ఆయన స్వయంగా కట్టిన ఒక్క పాటా లేకుండా, ఇతరుల పాటలు ఆయన వాయించిన తీరును పట్టుకుని, 1966-67 ప్రాంతపు ఒక్క ఏడాదితో సరిపెట్టుకున్నారు. లోటే అది, సందేహం లేదు. త్యాగరాజు మీద తీసేవారికి ఏ హక్కుదారూ అడ్డురాడు. ఆ స్వేచ్ఛతో మనం ఏం చేశామన్నది వేరే ప్రశ్న.

ఎవరి గొంతు?

తెలుగు ప్రేక్షకుడికి నేపథ్యగానం పుట్టుకతో వచ్చిన అలవాటు. నటుడు పెదవులు కదిపితే వేరొకరి గొంతు రావడం మనకు వింతే కాదు. గాయకుడి జీవితకథలో మాత్రం ఆ అలవాటు కాస్త బెడిసికొడుతుంది. కథ మొత్తం ఒక గొంతు గురించి అయినప్పుడు ఆ గొంతు ఒంట్లోంచి వస్తున్నట్టు కనిపించాలి కదా.

1946 ‘త్యాగయ్య’ ఇప్పటికీ నిలబడడానికి ముఖ్య కారణం చిత్తూరు నాగయ్య. దర్శకుడు ఆయనే, నటుడు ఆయనే, పాడిందీ ఆయనే. మెడ నరాలు, ఊపిరి, రెప్పపాటు అన్నీ పాటతో కలిసి కదులుతాయి. అంతకు ఏడాది ముందు తమిళంలో వచ్చిన ‘మీరా’లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కూడా అంతే. 1981లో బాపు ‘త్యాగయ్య’ తీశారు. జె.వి. సోమయాజులు, కె.వి. మహదేవన్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఏ ఒక్కరినీ తక్కువ చేయలేం. కానీ అదే ముఖం, అదే స్వరకర్త, అదే గొంతు ఏడాది ముందే ‘శంకరాభరణం’లో ఇంటింటికీ వెళ్లిపోయాయి. తెర మీద త్యాగరాజు నోరు తెరిస్తే జనానికి శంకరశాస్త్రి వినిపించాడు. కల్పిత పాత్ర నిజమైన మనిషిని మింగేసింది.

బయటివాళ్లు ఈ చిక్కును రకరకాలుగా విప్పుకున్నారు. ‘కోల్ మైనర్స్ డాటర్’ (1980)లో నటి సిసీ స్పేసెక్ అమెరికన్ గాయని లొరెటా లిన్ పాటలు తానే పాడింది. ‘బర్డ్’ (1988)లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ఇంకో దారి పట్టాడు. జాజ్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పాత రికార్డింగుల్లోంచి శాక్సఫోను ఒక్కదాన్నే వేరుచేసి, చుట్టూ కొత్త వాద్యకారుల చేత వాయింపజేశాడు. ‘అమర్ సింగ్ చమ్కీలా’ (2024)లో దిల్జీత్ దోసాంజ్, పరిణీతి చోప్రా అఖాడా (ఊళ్లలో జనం మధ్య జరిగే ఆరుబయటి కచేరీ) పాటలను షూటింగ్ స్థలంలోనే పాడారు. అందువల్ల గొంతు బొంగురుపోవడం, ఎదుటి జనాన్ని చూసి ఊపు పెరగడం కూడా పాటలోకి వచ్చాయి. 1988 మార్చిలో హత్యకు గురైన ఆ పంజాబీ గాయకుడి పాటలు బూతులని నిందించినవారున్నారు, అవే పాటలు పెళ్లి పందిళ్లలో పెట్టించుకున్నవారూ ఉన్నారు. సినిమా ఇద్దరినీ తెరకెక్కించి, వినేవాడి మొహమాటాన్ని కూడా కథలో భాగం చేసింది.

రాగిరేకులు, పద్దుల పుస్తకం

అన్నమయ్య దగ్గరకు వస్తే చిక్కు ఇంకో మెట్టు ఎక్కుతుంది. 1997లో రాఘవేంద్రరావు తీసిన ‘అన్నమయ్య’కు కీరవాణి జాతీయ అవార్డు అందుకున్నారు. ‘అంతర్యామి అలసితి’ దగ్గర గుండె కరగనివాడు అరుదు. ఆ దృశ్యంలో సంఘటన అంటూ ఏమీ లేదు, అలసిపోయిన ముసలితనం తప్ప. బహుశా అందుకే అది అంత బాగా పండింది.

అయితే ఆ బాణీ అన్నమయ్యది కాదు. రాగిరేకుల మీద సంకీర్తన, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరం లేదు. 1503లో ఆయన కన్నుమూశాక కొన్ని తరాలకు పాడేవారు కరవై, రేకులు తిరుమల గుడిలో ఒక అరలో ఉండిపోయాయి. 1920ల్లో అవి బయటపడ్డాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించారు. రాళ్లపల్లి కొన్నింటికి స్వరం కట్టారు. మనం తరతరాలుగా వస్తోందనుకునే ‘నానాటి బతుకు నాటకము’ రేవతి రాగపు నడక నేదునూరి కృష్ణమూర్తిది. అంటే అన్నమయ్య పాట అని మనం మురిసిపోయేదాంట్లో సగం 20వ శతాబ్దిది. ఆయన మరదళ్లతో సరసాల కన్నా ఈ కథలోనే నాకు పెద్ద సినిమా కనిపిస్తుంది. చేతిలో మాటలున్నాయి, రాగం పేరుంది, పాట లేదు. ఇప్పుడేం చేయాలి? తెలుపు వెంట్రుకల పండితుడు ఒకరు హార్మోనియం ముందు కూర్చుని ఆలోచిస్తూంటే చాలు, కథ మొదలైనట్టే.

రామదాసు విషయంలో ఇంత దూరం వెళ్లనవసరమే లేదు. నాగయ్య 1964లో, రాఘవేంద్రరావు 2006లో ఆ కథ తీశారు. తానీషా కొలువు, గోల్కొండ చెర, రామలక్ష్మణులు వచ్చి సొమ్ము చెల్లించడం అందరికీ తెలిసినవే. కానీ ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను ఒక్కసారి పాటగా కాక పద్దుగా చదవండి. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని తహశీల్దారు దేవుడికి ఖర్చులు ఒప్పజెబుతున్నాడు. పద్దులు పెరిగేకొద్దీ గొంతు లేస్తుంది. నీ తండ్రి పెట్టాడా, మామ పంపాడా అని నిలదీసి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని తిట్టేస్తాడు. వెంటనే, దెబ్బలు ఓర్వలేక తిట్టానని నాలుక కరుచుకుంటాడు. ఎత్తుగడ, ఉద్రేకం, పశ్చాత్తాపం, అంతా ఒక్క పాటలో ఉంది. దీనికి మెరుపులూ ఉరుములూ జోడించాల్సిన పని లేదు. కెమెరా కదలకుండా ఆ మనిషి ముఖం మీద నిలబడి మొత్తం కీర్తన పాడనిస్తే చాలు. అంత ఓపిక మన సినిమాల్లో దొరకదు. రెండో చరణానికల్లా గుడి గోపురం, ఆకాశం, పూలవాన వచ్చేస్తాయి.

ఒకే ఒక్క సినిమా రికార్డింగు

ఘంటసాల మీద ఎలాంటి సినిమా రావాలని అడిగితే నా దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. మామూలు అచ్చులో అది ఎలా ఉంటుందో ఊహించవచ్చు. విజయనగరంలో జోలె కట్టుకుని మధూకరం, పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికం, 1942లో జైలు, మద్రాసు, కీర్తి, చివరికి భగవద్గీత, 1974లో మరణం. ఒక్కోటీ నిజమే, ఒక్కోదానికీ అయిదేసి నిమిషాలు.

దానికి బదులు ‘మాయాబజార్’ పాటలు తయారైన కాలాన్ని మాత్రమే తీసుకోవాలి. మొదట స్వరకర్త సాలూరి రాజేశ్వరరావు. ‘లాహిరి లాహిరి’తో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారు. ఘంటసాల వచ్చి ఆ బాణీలకు వాద్యగోష్ఠి సమకూర్చి, రికార్డు చేసి, మిగతా పాటలు తాను కట్టారు. ఇంకొకరి బాణీ చేతికొచ్చింది. అది తనకన్నా బాగుందని తెలుసు, దాన్ని చెడగొట్టకూడదు, అలాగని తన ముద్ర పడకుండా ఉండకూడదు. ఇందులో విలన్ లేడు, వ్యసనం లేదు, చావు లేదు. సాలియేరి పడిన యాతనే, కాకపోతే పగ లేకుండా.

ఆపైన గొంతు సంగతి. ‘లాహిరి’ పాటలో పడవ మీద అభిమన్యుడిగా అక్కినేనికీ, ఆ తర్వాత కృష్ణుడిగా ఎన్టీఆర్‌కూ పాడింది ఘంటసాలే. ఇద్దరికీ నప్పేలా ఒకే గాయకుడు, ఒకే పాటలో. మైకు ముందు నిలబడి ఆ మనిషి ఏం మార్చాడు? ఊపిరా, ఉచ్చారణా, బరువా? మరి ఆ పాత్ర వేసే నటుడికి ఎవరు పాడాలి? పాత రికార్డింగే వాడితే అందరి పెదవులకూ గొంతిచ్చినవాడు తానే పెదవులు కదిపే బొమ్మవుతాడు. కొత్తవాళ్లతో పాడిస్తే మొదటి పంక్తికే హాల్లో ఎవరో ఒకరు పెదవి విరుస్తారు. ఈ సినిమాకు కథ రాసేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. నిర్మాత మొదట వెతకాల్సింది మాత్రం ఆ గాయకుణ్ణి.